బంగారంతో ఇంటికెళ్ళిన బానిసలు

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. నిజానికి బడికీ నాకూ ఒకరంటే ఒకరికి పడలేదు. లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కిస్తే, ఆ బెంచీ మీద నిలబడే ఆయన నడక నడిచి చూపించి క్లాసంతటినీ నవ్వించాను. అలాంటిదాన్ని బహ్రెయిన్‌లో ఒక అమెరికన్ సిలబస్ హైస్కూల్లో కూర్చుని, పదో తరగతి పిల్లలకి అమెరికా చరిత్ర చెప్పానంటే మీరు నమ్మరు. ఏం చెప్పానో విన్నాక, నమ్మకుండా ఉండాల్సింది అనుకుంటారు.

అక్కడ అరాద్ అనే పేటలో ఒక తెలుగువాళ్ళింట్లో పని నాది. సార్‌కి పెద్ద కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం. మేడమ్ ఇంట్లోనే ఉంటారు. ఒక్కతే కూతురు. నేను చేరేటప్పటికి ఒకటో తరగతి పిల్ల, ఇప్పుడు నాకన్నా పొడుగు. ఆ పిల్లకి అక్షరాలు తొందరగా పట్టుబడవు. ఒక మాట నాలుగు రకాలుగా చెబితే గానీ లోపలికి వెళ్ళదు. ఒకసారి వెళ్ళిందా, ఇక బయటికి రాదు. నేను ఏనాడో చెప్పిన కథలో ఒక ముక్క మార్చి చెప్పినా, "కాదక్కా, అప్పుడు ఇలా చెప్పలేదు" అని పట్టేసుకుంటుంది.

హైస్కూలుకి వచ్చాక, పిల్ల పక్కన కూర్చోవడానికి ఒక మనిషి కావాలన్నారు స్కూలువాళ్ళు. షాడో అంటారట. డిగ్రీలున్న ఇద్దరమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఇద్దరూ మంచివాళ్ళే. మా పిల్ల మాత్రం వాళ్ళు నోరు తెరిస్తే బల్ల కిందికి దూరేది. చివరికి "వేరే మనిషి దొరికేదాకా మీ ఇంటామె వచ్చి కూర్చోవచ్చు" అని ఒప్పుకున్నారు. బ్యాగు తీసిపెట్టాలి, పేజీ చూపించాలి, పిల్ల బెదిరితే బయటికి తీసుకెళ్ళాలి. పాఠం మాత్రం చెప్పకూడదు. ఈ సంగతి స్కూల్లో ఇలాంటి పిల్లల బాగోగులు చూసే కోఆర్డినేటరమ్మ ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ తలూపాను. ఇంగ్లీషులో ఎవరేం చెప్పినా నేను తలూపుతాను.

మొదటిరోజు మా స్కూలు బస్సు డ్రైవరు నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. జగిత్యాల వైపు మనిషి, సల్మాబాద్ లేబర్ క్యాంపులో ఉంటాడు. వాళ్ళకి గల్ఫంతా దుబాయే.

"ఏందక్కా, దుబాయికొచ్చి చీపురు పట్టినోళ్ళను చూసిన. పుస్తకం పట్టినోళ్ళను గిప్పుడే చూస్తున్న."

"నువ్వు బస్సు చూసి నడుపు తమ్ముడూ. నేను అమెరికాని నడపాలి, బోలెడు పనుంది" అన్నాను.

అప్పటికి అది ఉత్త వేళాకోళమే.

చరిత్ర చెప్పే మిస్ అమెరికా ఆవిడ, నల్లజాతి మనిషి. పొట్టిగా, గట్టిగా, నవ్వితే భుజాలు కూడా నవ్వేలా ఉండేది. మొదటిరోజు మా పిల్ల చెవిలో "మన ఊరి చేపల మార్కెట్లో కూర్చోబెడితే ఈవిడ్ని ఎవరూ అమెరికా అనుకోరు" అన్నాను. పిల్ల కిసుక్కుమంది. నేనూ ఆ రంగుదాన్నే కాబట్టి అలాంటి మాటలు అనొచ్చని నా లెక్క.

ఆవిడ ఒకే పాఠాన్ని మూడు బల్లలకి మూడు రకాలుగా ఇచ్చేది. మొదటి బల్ల దగ్గర గడగడ చదివేవాళ్ళు. వాళ్ళకి పేజీలకు పేజీలు. రెండో బల్లకి అరపేజీ, కింద ప్రశ్నలు. మూడో బల్లకి బొమ్మల కార్డులు. వాటిని వరసలో పేర్చి కథ చెప్పాలి. మూడో బల్ల దగ్గర మా పిల్లా, ఒక బహ్రెయినీ అబ్బాయీ. ఆ అబ్బాయికి మాటలు వరదే గానీ, కాయితం మీద అక్షరాలు కదిలిపోతున్నట్టు కనిపిస్తాయట. వాళ్ళింటి డ్రైవరు దగ్గర నేర్చుకున్న హిందీ మాట్లాడేవాడు. మా పిల్లకి కూడా టీవీ హిందీ వచ్చు. నా హిందీ సంగతి చెప్పక్కర్లేదు, గల్ఫ్‌లో కూరగాయలు కొన్నవాళ్ళందరికీ వచ్చే హిందీ అది. ముగ్గురికీ సరిపోయింది.

అమెరికావాళ్ళు ఇంగ్లండు రాజు మీద తిరగబడ్డ చాయ్ పాఠం వచ్చిన రోజు ఇద్దరూ కార్డులు చేతిలో పట్టుకుని బిక్కమొహాలు వేశారు. మిస్ మొదటి బల్ల దగ్గరుంది. నాకు నోరు ఆగలేదు.

"ఇంగ్లండు రాజు పెద్ద కఫీల్ అనుకోండి" అన్నాను. కఫీల్ అంటే ఇక్కడ మన వీసా చేతిలో పెట్టుకున్న యజమాని. "సముద్రం అవతల కూర్చుని ఇక్కడ వీళ్ళు తాగే చాయ్ మీద డబ్బులు లాగుతున్నాడు. వీళ్ళని అడిగాడా? అడగలేదు. వీళ్ళకి ఒళ్ళు మండింది. చాయ్ పెట్టెలన్నీ పడవ మీంచి సముద్రంలోకి విసిరేసి ఖలాస్ అన్నారు."

"చక్కెర కూడా విసిరేశారా?" అంది మా పిల్ల.

"చక్కెర ఎవరైనా పారేస్తారా? దాచుకున్నారు."

అబ్బాయి బల్ల మీద తల పెట్టి నవ్వాడు. కాసేపటికి మిస్ వచ్చి వాళ్ళకెందుకు కోపమొచ్చిందని అడిగితే, ఎప్పుడూ నోరు విప్పని మా పిల్ల చెయ్యెత్తి చెప్పింది. "అడక్కుండా డబ్బులు తీసుకున్నాడు మిస్. చక్కెర మాత్రం పారెయ్యలేదు." మిస్ భుజాలు కదిలిపోయేలా నవ్వింది. చక్కెర సంగతి దిద్ది, నా వైపు తిరిగి, నువ్వేం చేస్తున్నావో గానీ అలాగే చెయ్యి అంది. కోఆర్డినేటరమ్మ పెట్టిన షరతు ఆ రోజుతో నాకు గుర్తు లేకుండా పోయింది.

శుక్రవారం మా తెలుగు ఫెలోషిప్‌లో ప్రార్థన అయ్యాక బిర్యానీ పొట్లాలు పంచుతూ ఆ కథంతా చెప్పాను. "తొమ్మిది దాటనిదానికి అమెరికా అప్పజెప్పారంటమ్మా" అని ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నాకు మాత్రం లోపల పొంగిపోయింది.

ఇంట్లో నవ్వులాట కాదు. చలికాలం సెలవులకు ముందు ప్రతి పిల్లా క్లాసు ముందు నిలబడి ఒక పాఠం గురించి మాట్లాడాలి. తల్లిదండ్రులు వస్తారు. మా పిల్ల ఆ రోజు చెప్పేదాన్నిబట్టి ఈ క్లాసులో ఉంచాలా, కింద మెట్ల పక్కనున్న వేరే గదికి పంపాలా అనేది కోఆర్డినేటరమ్మ తేలుస్తుంది. ఆ గది పిల్ల చూసింది. చిన్నపిల్లలతో కలిపి కూర్చోబెట్టి రంగులు వేయిస్తారు.

"నేను అక్కడికి వెళ్ళను అక్కా. అక్కడ కుర్చీలు చిన్నవి. నా కాళ్ళు పట్టవు" అనేది. రోజూ అదే మాట, అన్నం ముందూ అన్నం తర్వాతా. మేడమ్ అది విన్నప్పుడల్లా లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేవారు.

పిల్ల వంతుకి వచ్చిన పాఠం బానిసత్వం.

ఆ రోజు మూడో బల్ల మీద నాలుగు కార్డులు పెట్టింది మిస్. ఓడలో వరసగా పడుకోబెట్టిన మనుషులు. పత్తి చేలో పని. పెద్ద ఇంటి వరండాలో యజమాని. చీకట్లో మూటలతో నడిచి వెళ్తున్న కుటుంబం. ఆవిడ అటు మొదటి బల్లకి వెళ్ళింది. ఆ పిల్లలకి ఆ రోజు ఆపకుండా ప్రశ్నలే, ఆవిడ ఎంతకీ ఇటు రాలేదు. నేను చెయ్యెత్తి అడగాల్సింది. కానీ బానిస అన్న మాట నాకు తెలుసు కదా! ఆదివారపు బడిలో బైబిలు కథ ఎన్నిసార్లు వినలేదు, ఐగుప్తులో బానిసలు, ఇటుకలు, కొరడాలు. చివరికి ఇరుగుపొరుగు దగ్గర వెండి, బంగారం అడిగి తీసుకుని మూటలు కట్టుకుని బయల్దేరతారు. ఆ మూటల కార్డు చూడగానే నాకు ఆ కథా, మన ఎయిర్‌పోర్టులో తాళ్ళు కట్టిన అట్టపెట్టెలతో లైన్లో నిలబడేవాళ్ళూ ఒక్కసారే కళ్ళముందు మెదిలారు. ఇంకేముంది, పాఠం తయారైపోయింది.

"ఇదిగో, ఇది ఓడ. అప్పట్లో విమానం లేదు, భోజనం ఇవ్వరు, కిటికీ సీటు అసలే లేదు" అన్నాను. "ఏజెంటు మోసం చేసి ఎక్కించేశాడు. ఇక్కడికొచ్చాక కఫీల్ పాస్‌పోర్టు లాగేసుకున్నాడు. యల్లా యల్లా, కానీ కానీ అని పత్తి తీయించాడు. ఏడ్చారు, తిట్టుకున్నారు, తర్వాత అలవాటైపోయింది. చివర్న అందరూ బంగారు గొలుసులు వేసుకుని, మూటల్లో కంబళ్ళతో సంతోషంగా ఇంటికెళ్ళారు."

"అక్క లాగా" అంది మా పిల్ల.

"అచ్చం అక్క లాగే. నేను ఊరెళ్ళి నీకు జీడిపప్పు తెచ్చాను, వాళ్ళు ఏం తెచ్చారో."

బహ్రెయినీ అబ్బాయి కార్డులు పేర్చడం ఆపాడు. "ఆంటీ, మా నాన్న కూడా కఫీలే. ఆయన కూడా ఇలాంటివాడేనా?"

"మీ నాన్న బంగారం బాబూ. ఆయన దగ్గర ఏసీ ఉంటుంది."

వాడు నవ్వాడు. మళ్ళీ మాత్రం ఆ కార్డులు ముట్టుకోలేదు. అప్పుడైనా నాకు తెలివి రావాల్సింది.

మిస్ ఇటు వచ్చేసరికి గంట కొట్టేశారు. నేను ఇంటి దగ్గర పిల్లచేత వారమంతా అదే కథ చెప్పించాను. ఇంగ్లీషు వాక్యాలు చిన్నచిన్నవి మేడమ్ చేత రాయిద్దామనుకున్నాను గానీ, మేడమ్‌కి ముందే వినిపిస్తే ఆశ్చర్యపోయే సరదా పోతుందని మానేశాను. పిల్లా నేనూ వంటింట్లో తలుపేసుకుని చెప్పుకున్నాం. ఇంగ్లీషు వాక్యాలు పిల్లే అల్లుకుంది.

ఆ రోజు వచ్చింది. తల్లిదండ్రులు వెనక కుర్చీల్లో, కోఆర్డినేటరమ్మ కిటికీ దగ్గర. మేడమ్ పట్టుచీర కట్టుకుని వచ్చారు. మా పిల్ల వంతు రాగానే వణక్కుండా నడిచి వెళ్ళి నిలబడింది. నేను మూడో బల్ల దగ్గర కూర్చుని గుప్పిట బిగించాను.

పిల్ల నిదానంగా, ఒక్క మాట తప్పకుండా చెప్పింది. ఓడలో కిటికీ సీటు లేదని చెప్పింది. ఏజెంటు గురించి, పాస్‌పోర్టు గురించి చెప్పింది. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. మా పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ క్లాసులో ఎవరూ ఎప్పుడూ దాని మాటకి నవ్వలేదు. నా కథలకి నేను నవ్వించినట్టే తనూ నవ్విస్తున్నాననుకుంది. అందుకే చివరి ముక్క రెండుసార్లు చెప్పింది, రెండోసారి గట్టిగా. "అందరూ బంగారు గొలుసులు వేసుకుని సంతోషంగా ఇంటికెళ్ళారు."

మొదటి బల్లవాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు. వెనక ఒక నాన్న దగ్గాడు. మిస్ మొహం చూశాను. కోపమైతే తట్టుకునేదాన్నే. ఆవిడ చాలా మెల్లగా అడిగింది.

"ఇంటికా? ఏ ఇంటికి?"

పిల్ల వేలు నా వైపు తిప్పింది. "అక్కకి తెలుసు మిస్. అక్క కూడా వెళ్ళొచ్చింది."

క్లాసంతా నా వైపు తిరిగింది. నాకు చేతనైన పనొక్కటే ఉంది, అదే చేశాను. లేచి నిలబడి, నా ఇంగ్లీషులో, "సారీ మిస్, నా బుర్ర ఓవర్‌టైం చేసింది" అన్నాను. ఎవ్వరూ నవ్వలేదు. అన్ని నవ్వులు నవ్వించిన నోరు అది, ఆ గదిలో దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మేడమ్ పట్టుచీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తున్నారు.

"పిల్లది తప్పు కాదు" అన్నాను. "నేను చెప్పిందే చెప్పింది. ఒక్క మాట తప్పలేదు."

దారిలో కారు ఆపి మేడమ్ అన్న మాట ఒకటే. "తెలియకపోతే నన్ను అడగొచ్చుగా. నేను పక్క గదిలోనే ఉన్నానుగా." వెనక సీట్లో పిల్ల, "అందరూ నవ్వారు మమ్మీ, చూశావా?" అంటూనే ఉంది.

మర్నాడు మిస్ నన్ను ఖాళీ క్లాసులో కూర్చోబెట్టింది. మూడో బల్ల దగ్గరే, పిల్ల కుర్చీలో. ఆ నాలుగు కార్డులూ పెట్టి, ఒక్కొక్కటీ చెప్పింది. ఆవిడ ఇంగ్లీషులో సగమే అర్థమైంది నాకు. ఆ సగమే చాలు. వాళ్ళని కొన్నారు. జీతం లేదు, గడువు లేదు. వాళ్ళ పిల్లలు కూడా యజమాని సొత్తే, అమ్ముకోవచ్చు. మూటల కార్డు చూపించింది. వాళ్ళు ఇంటికెళ్ళడం లేదు, దొరికితే ఏం చేస్తారో తెలిసి కూడా పారిపోతున్నారు. మిస్ వాళ్ళమ్మమ్మకి అమ్మమ్మని తల్లి దగ్గరనుంచి విడదీసి అమ్మారట. అది ఎక్కణ్ణించి వచ్చిన కుటుంబమో ఇప్పటికీ వాళ్ళింట్లో ఎవరికీ తెలియదట. ఏ ఇంటికి అని ఆవిడ నన్నేమీ ఎగతాళికి అడగలేదు.

చేపల మార్కెట్ మాట గుర్తొచ్చింది. తల దించుకుని బల్ల మీద గీతలు చూస్తూ కూర్చున్నాను.

"ఆ బల్ల దగ్గర పిల్లలు నీ మాట వింటారు" అంది ఆవిడ. "సెలవుల లోపు తను నాకొక్కదానికే మళ్ళీ చెప్పొచ్చు. కోఆర్డినేటర్ ఒప్పుకుంది. ఈసారి నువ్వు నన్ను ముందు అడుగు." ఆవిడ తిట్టి ఉంటే బస్సులో డ్రైవరుకి ఆవిడ తిట్టినట్టు చేసి చూపించేదాన్ని. ఆ దారి కూడా లేకుండా చేసింది.

ఆ సాయంత్రం వంటింట్లో పిల్లని కూర్చోబెట్టాను. నేల మీద, ఎదురెదురుగా.

"బుజ్జమ్మా, ఆ పాఠం నేను తప్పు చెప్పాను. వాళ్ళు ఇంటికెళ్ళలేదు."

"వెళ్ళారు. నువ్వే చెప్పావు."

"తెలియక చెప్పాను."

"తెలియకపోతే ఎందుకు చెప్పావు?"

ఏదో వెటకారం నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. మిస్ చెప్పినట్టే చెప్పాను. కొనడం, అమ్మడం, పిల్లల్ని లాక్కోవడం. నవ్వు లేకుండా మాట్లాడ్డం నాకు రాదని అప్పుడు తెలిసింది. ప్రతి రెండు మాటలకీ ఆగిపోతున్నాను. పిల్ల నా మొహాన్నే చూస్తోంది, ఎప్పుడు నవ్వు వస్తుందా అని.

"మరి నువ్వు వెళ్ళావుగా?"

"నాకు జీతముంది. టికెట్టుంది. వద్దంటే మానేసి వెళ్ళొచ్చు. నాదీ వాళ్ళదీ ఒకటి కాదమ్మా. ఒకటే అని చెప్పడమే నేను చేసిన తప్పు."

"మరి మొదటి ఇంట్లో? వాషింగ్ మెషిన్ కథ?"

ఈ ఇంటికి రాకముందు వేరే ఇంట్లో పనిచేశాను. అక్కడ నా పడక వాషింగ్ మెషిన్ పక్కన. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో. ఫోను చెయ్యనిచ్చేవాళ్ళు కాదు. ఈ పిల్లకి ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో. మెషిన్ తిరుగుతుంటే నేనూ దాంతోపాటు ఊగుతూ నిద్రపోయేదాన్నని ఒళ్ళంతా ఊపి చూపించేదాన్ని. పిల్ల పడీపడీ నవ్వేది.

"అది కూడా నవ్వేది కాదా?" అంది.

"కాదు."

"మరి నన్నెందుకు నవ్వించావు?"

"నవ్వితేనే నువ్వు నోరు తెరిచేదానివి. అప్పుడు ముద్ద పెట్టేదాన్ని."

ఇది నిజమే. కానీ చెప్పాక నాకే చిన్నతనంగా అనిపించింది. ముద్ద కోసమైతే ఆరేళ్ళప్పుడు సరే. ఇప్పుడు పిల్లకి పదిహేను. ఇప్పటికీ ఎందుకు నవ్విస్తున్నానో అది అడగలేదు, నేను చెప్పలేదు.

తర్వాత రోజుల్లో రోజూ భోజనాల గంటలో మిస్ దగ్గరికి వెళ్ళి, ఒక్కో కార్డు గురించి నాకు తెలియంది అడిగి, సాయంత్రం అంతే చెప్పాను, ఒక్క ముక్క కలపకుండా. పాత కథ పిల్ల బుర్రలోంచి పోలేదు. "గొలుసులు" అనబోయి ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ మొదలుపెట్టేది. అలా ఆగిన ప్రతిసారీ నేను గిన్నెల వైపు తిరిగిపోయేదాన్ని. బస్సులో డ్రైవరు, "ఏందక్కా, అమెరికా ఎక్కడిదాకొచ్చె?" అంటే, "బండి పక్కకి పెట్టాను తమ్ముడూ" అన్నాను. వాడు ఎదురు పంచ్ కోసం అద్దంలో చూస్తూనే ఉన్నాడు. అంతకన్నా రాలేదు నాకు.

రెండోసారి పిల్ల లోపలికి ఒక్కతే వెళ్ళింది. నేనూ మేడమ్ కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్నాం. మేడమ్ నాతో మాట్లాడలేదు, కానీ లేచి వెళ్ళిపోనూ లేదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ముందు పిల్ల వచ్చింది, వెనక మిస్.

"ఉండొచ్చంట" అంది పిల్ల. మేడమ్ దాన్ని పట్టుకుని ఏడ్చేశారు. మిస్ నా వైపు చూసి తలూపింది. అడిగితే పిల్ల తాను లోపల ఏమందో చెప్పింది. నాలుగే వాక్యాలట. మధ్యలో రెండుసార్లు ఆగిందట, మిస్ తొందర పెట్టలేదట.

"రేపట్నుంచి మన బల్ల దగ్గరికి నేను నీకన్నా ముందే వెళ్ళి కూర్చుంటాను చూడు" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు రావద్దు అక్కా."

"మిస్ వద్దన్నారా?"

"కాదు. నేనే చెప్పాను మిస్‌కి. నువ్వు పక్కనుంటే నాకు నవ్వొస్తుంది. ఆ క్లాసులో నవ్వకూడదు."

"పోనీ లెక్కల క్లాసుకి?"

"లెక్కలకి రా. లెక్కల్లో నవ్వినా పర్లేదు."

ఎగతాళి చెయ్యడం తెలియని పిల్ల. అందుకే ఆ మాట అంత లోతుకి దిగింది.

సెలవులయ్యాక స్కూలు తెరిచారు. చరిత్ర గంటలో నేను బయట బెంచీ మీద కూర్చుంటున్నాను, పిల్ల బెదిరితే పిలుస్తారని. ఇంతవరకూ పిలవలేదు. ఇప్పుడు అమెరికా అంతర్యుద్ధం చెబుతున్నారట. మొన్న తలుపు వెనక ఒక్కసారి పిల్లలందరూ గట్టిగా నవ్వారు. ఎవరిని చూసి నవ్వారో తెలియక గబుక్కున లేచి నిలబడ్డాను. తలుపు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యేసి, అందులో మా పిల్ల నవ్వు కలిసి ఉందా అని చెవి పెట్టి విన్నాను. తెలియలేదు. వెనక్కి వచ్చి కూర్చున్నాను.